ముందు కాలికి మోకాలు ఎక్కడిది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పెంపుడు జంతువుల పేజీలో కుక్కల కాళ్ళ నొప్పుల మీద ఒక వ్యాసం వేశారు. వ్యాసం బాగానే ఉంది, నా గొడవంతా దాని పక్కనున్న బొమ్మతో. నిలబడ్డ కుక్క, దాని వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే కీలు, దాని మీదికి ఒక ఎర్ర బాణం, పక్కనే 'మోకాలు' అని అచ్చు. అది మోకాలు కాదండీ, మడమ. కుక్క మోకాలు చాలా పైన, డొక్కకు దగ్గరగా, మన మోకాలు లాగే ముందుకు తిరిగి ఉంటుంది. బొచ్చులోనూ తొడ కండలోనూ కలిసిపోయి సరిగ్గా కనపడదు కాబట్టి అందరం కింద కనపడే మడమనే మోకాలు అనుకుని, కుక్క మోకాలు వెనక్కి వంగుతుందని చెప్పుకుంటాం.

ఇంత చిన్నదానికి ఉత్తరం దేనికి అంటారేమో. ఈ తప్పు నేనూ చేశాను, దానివల్ల ఒక పూట మా బుజ్జి అనవసరంగా ఇబ్బంది పడింది, అందుకని.

బుజ్జి మా ఇంటి కుక్క. ఒక రాత్రి అది ముందు కాలు నేలకు ఆనించడం మానేసింది, చూస్తే వాచి ఉంది. డాక్టరు గారికి ఫోన్ చేసి "ముందు కాలి మోకాలు వాచిందండీ" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి "పై కీలా, కింది కీలా?" అన్నారు. అసలే టెన్షన్‌లో ఉన్నాను, ఒక కాలికి రెండు మోకాళ్ళేమిటి అనుకుంటూ "పైనేనండీ, కాలి పైన" అన్నాను. వాపు కాలి పైకే కనపడుతోంది, అడుగున పాదంలో కాదు అని నా ఉద్దేశం. ఆయనకు అర్థమైంది మాత్రం పై కీలు అని, అంటే మోచెయ్యి. పొద్దున్నే తీసుకెళ్ళేసరికి మోచేతికి ఎక్స్‌రే అని చీటీ రాసి ఉంది. కుక్కను బల్ల మీద పడుకోబెట్టి, అది మూలుగుతుంటే మోచెయ్యి అంతా నొక్కి చూసి, అక్కడేమీ లేదని కిందికి వస్తే అప్పుడు తేలింది, వాపు మణికట్టు దగ్గరని. ఇందులో ఆయన తప్పేమీ లేదు, నేను చెప్పిన మాటలే అలా ఉన్నాయి.

అప్పటికి మా అమ్మాయి వెటర్నరీ కోర్సు మొదటి ఏడాదిలో ఉంది. ఈ కథంతా విని కాసేపు నవ్వి, "నాన్నా, ఒకసారి కుక్కలా నిలబడు" అంది. చేతులు నేలకు ఆనించి, మోకాళ్ళు నేలకు తగలకుండా, మడమలు పైకి లేపి మునివేళ్ళ మీద. నా వయసులో ఆ భంగిమలో పది సెకన్లు ఉండటం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు గానీ, ఆ పది సెకన్లలో అర్థమైనంత నాకు ఏ బొమ్మలోనూ అర్థం కాలేదు. మడమలు గాలిలో వెనక్కి తిరిగి ఉన్నాయి, మోకాళ్ళు పొట్ట కిందికి ముందుకు వచ్చాయి, మోచేతులు ఛాతీ పక్కకు చేరాయి, బరువంతా వేళ్ళ మీద. కుక్క బతుకంతా ఇలా మునివేళ్ళ మీదే నడుస్తుంది. మడమ నుంచి వేళ్ళ దాకా ఉన్న పొడుగాటి భాగాన్ని మనం కాలు కింది సగం అనుకుంటాం, నిజానికి అది పాదమే.

ముందు వైపు సంగతి చెప్తే ఇంకా తమాషా. దాన్ని 'ముందు కాలు' అనడంతోనే చిక్కు మొదలవుతుంది. తెలుగులో చేతికైతే మోచెయ్యి, కాలికైతే మోకాలు. కాలు అని పిలిచిన పాపానికి అందులో ఎక్కడో ఒక మోకాలు వెతుక్కోవాల్సి వస్తుంది. కానీ ఆ అవయవంలో ఉన్నవన్నీ చేతి భాగాలే: భుజఫలకం, భుజాస్థి, మోచెయ్యి, దాని కింద రెండు ముంజేతి ఎముకలు, ఆ తర్వాత మణికట్టు. మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటే కుక్కకు 7, ఎందుకంటే మనలో విడివిడిగా ఉన్న రెండు దానిలో కలిసిపోయి ఒకటయ్యాయి. చీలమండలో మాత్రం మనకూ 7, దానికీ 7. ముందు పాదంలో లోపలి వైపు, నేలకు తగలకుండా కాస్త పైన ఒంటరిగా వేలాడే గోరు ఉంటుందే, అది బొటనవేలు. మనకున్నట్టు మెడ కింద అడ్డంగా, ఛాతీ ఎముకకూ భుజానికీ మధ్య ఉండే జత్రువు కుక్కకు పేరుకే ఉంటుంది, కండలో చిన్న అవశేషంలా, దేనికీ కీలుతో అతుక్కుని ఉండదు. అంటే ముందు కాళ్ళు రెండూ ఒంటికి కేవలం కండలతో కట్టి ఉంటాయన్నమాట. పిల్లలు కుక్కపిల్లను ముందు కాళ్ళు పట్టుకుని పైకి లేపుతుంటే నేను ఇప్పుడు ఊరుకోవడం లేదు.

ఇక అసలు సంగతి. మనం రోజూ వాడే పైన, కింద, ముందు, వెనక అనే మాటలు రెండు కాళ్ళ మీద నిలబడే మనిషికి అలవాటైనవి. నాలుగు కాళ్ళ జంతువు దగ్గరికి వచ్చేసరికి అవి చేతులెత్తేస్తాయి. 'మెడ కింద గడ్డ' అంటే ఏమిటి? మనిషికైతే ఛాతీ వైపు. కుక్కకైతే గొంతు దగ్గరా, లేక మెడ అయిపోయి భుజం మొదలయ్యే చోటా? రెండు చోట్లా లింఫ్ గ్రంథులు ఉంటాయి, రెండూ చేతికి తగులుతాయి, ఏది వాచిందన్నదాన్ని బట్టి డాక్టరు నోరు తెరిచి చూడాలా, కాలు చూడాలా అన్నది మారుతుంది. 'పొట్ట మీద దద్దుర్లు' అంటాం, ఆ పొట్టేమో నేల వైపు ఉంటుంది. 'కాలి వెనక' అంటే వెనక కాలా, కాలికి వెనక వైపా? మా బుజ్జి పొట్ట నిమిరించుకోవడానికి వెల్లకిలా పడుకుందంటే పైన కింద అయిపోతుంది, కింద పైన అయిపోతుంది.

అందుకే శరీర నిర్మాణం చదివేవాళ్ళు నేలను, ఆకాశాన్ని లెక్కలోకి తీసుకోరు. దిక్కులన్నీ ఒంటికే కట్టేస్తారు. కుక్క నిలబడినా, పడుకున్నా, బల్ల మీద తలకిందులుగా ఉన్నా వీపు వైపు ఎప్పుడూ డార్సల్, పొట్ట వైపు వెంట్రల్, తల వైపు క్రేనియల్, తోక వైపు కాడల్. చివరిదాన్ని మా అమ్మాయి ఎలా గుర్తుపెట్టుకుందంటే, తోక కాడలా ఉంటుంది కాబట్టి కాడల్ అట. లాటిన్‌కూ మన కాడకూ ఏ చుట్టరికమూ లేదు గానీ పరీక్ష పాసయింది.

ఇందులో నాకు బాగా నచ్చింది తల దగ్గర జరిగే మార్పు. తల వైపు అన్నమాట తలలోకి వచ్చాక ఎలా వాడతాం, అప్పటికే తలలో ఉన్నాం కదా? అందుకని తలలో ముక్కు వైపును రాస్ట్రల్ అంటారు. కన్ను చెవికి రాస్ట్రల్, చెవి కంటికి కాడల్. ఆ మాట పక్షి ముక్కును చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చింది. మనకు పక్షిదైనా మనిషిదైనా ఒకటే ముక్కు, కాబట్టి 'ముక్కు వైపు' అంటే చాలు, మూలానికి కూడా అన్యాయం జరగదు.

మనుషుల వైద్యం నుంచి మాటలు అరువు తెచ్చుకుని కుక్కలకు తగిలించడం మీ పేజీలో తరచూ చూస్తున్నాను. నిటారుగా నిలబడి అరచేతులు ముందుకు తిప్పిన మనిషిని ప్రమాణంగా పెట్టుకుని ఆంటీరియర్, పోస్టీరియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ అంటారు. మనిషికి ఆంటీరియర్ అంటే పొట్ట వైపు. కుక్కకు అదే మాట వాడితే కొందరు తల వైపు అనుకుంటారు, కొందరు పొట్ట వైపు అనుకుంటారు. ఈ గందరగోళం వల్లే పశువైద్య శరీర శాస్త్రజ్ఞులు తమకంటూ ఒక పేర్ల పట్టిక తయారుచేసుకుని 1968లో మొదటిసారి అచ్చువేశారు, నోమినా అనటామికా వెటరినేరియా అని. అందులో నాలుగు కాళ్ళ జంతువులకు ఆంటీరియర్, పోస్టీరియర్‌లను దాదాపు పక్కనపెట్టేశారు, కంటిలాంటి కొన్ని చోట్ల మాత్రం మిగిలాయి. మనిషి గుండెకు పై నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర సుపీరియర్ వీనా కావా అయితే, కుక్కలో అదే సిర క్రేనియల్ వీనా కావా. ఆటగాళ్ళకు మోకాలిలో తెగిందని వార్తల్లో తరచూ వచ్చే ఏసీఎల్ ఉంది కదా, ఆంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్, కుక్కలో దాని పేరు క్రేనియల్ క్రూసియేట్. అది తెగితే కింది కాలి పెద్ద ఎముక ముందుకు జారుతుంది, కుక్క వెనక కాలు కుంటడానికి బాగా తరచుగా కనపడే కారణాల్లో ఇదొకటి. మీ వ్యాసంలో దీని గురించే రాశారు, ఆపరేషన్ గురించి కూడా రాశారు, బాణం మాత్రం మడమ మీద పెట్టారు. ఆ బొమ్మ చూసినవాళ్ళు నొప్పి ఎక్కడుందో చూడటానికి మడమ నొక్కి, అక్కడ కుక్క అరవకపోతే ఏమీ లేదని ఊరుకుంటారు.

మా చదువులప్పుడు తెలుగు మీడియం జువాలజీలో పృష్ఠతలం, ఉదరతలం, పూర్వాంతం, పరాంతం అని ఉండేవి. పృష్ఠం అంటే సంస్కృతంలో వీపే, కానీ వాడుకలో ఆ మాట కాస్త కిందికి జారి కూర్చునే చోట స్థిరపడింది కదా, సారు కప్పను చూపించి పృష్ఠతలం అనగానే వెనక బెంచీలన్నీ కిసుక్కుమనేవి. మీరు ఆ మాటలు తిరిగి తేవాలని నేను కోరడం లేదు. వీపు వైపు అంటే ఎవరూ నవ్వరు, ఎవరికీ తప్పుగా అర్థం కాదు.

కాళ్ళ విషయానికి వస్తే ఇంకో జత మాటలు కావాలి. ఒంటికి దగ్గరగా ఉన్నది ప్రాక్సిమల్, దూరంగా వేళ్ళ వైపు ఉన్నది డిస్టల్. మోచెయ్యి మణికట్టుకు ప్రాక్సిమల్. నేను ఆ రాత్రి ఫోన్‌లో "కాలి పైన" అనే బదులు "వేళ్ళకు దగ్గరగా ఉన్న కీలు" అని ఉంటే చాలు, బుజ్జి మోచెయ్యి ఎవరూ నొక్కేవాళ్ళు కాదు. లోపలి వైపు, అంటే ఒంటి మధ్యగీత వైపు, మీడియల్. బయటి వైపు లేటరల్. కుక్క నాడి చూడాలంటే తొడకు మీడియల్‌గా, గజ్జ దగ్గర వేళ్ళు పెట్టాలి, బయటి వైపు ఎంతసేపు వెతికినా దొరకదు.

మణికట్టు దాటాక మాటలు మళ్ళీ మారతాయి, ఇక్కడ చదివే పిల్లలు కూడా తడబడతారట. మణికట్టు పైన ముంజేతికి ముందు వైపు క్రేనియల్, వెనక వైపు కాడల్. మణికట్టు నుంచి కిందికి మాత్రం ముందు వైపు డార్సల్, వెనక వైపు పామర్. పామర్ అంటే పామరుడికి సంబంధించింది కాదు, అరచేతి వైపు అని. వెనక పాదంలో అయితే చీలమండ నుంచి ప్లాంటర్, అంటే అరికాలి వైపు. నేరుగా నిలబడి ఉన్న పాదానికి ముందు వైపును వీపుతో కలిపి డార్సల్ అనడం ఏమిటని నేనూ అడిగాను. ఎలుగుబంటిని తలుచుకో అంది మా అమ్మాయి. అది వెనక పాదాన్ని మనలాగే మడమతో సహా నేలకు ఆనిస్తుంది, అప్పుడు పాదం పై భాగం ఆకాశం వైపే, వీపు ఉన్న వైపే ఉంటుంది. కుక్క మడమ పైకెత్తింది కాబట్టి అదే భాగం ముందుకు తిరిగింది, పేరు మాత్రం మారలేదు. వేళ్ళకు మళ్ళీ వేరే లెక్క ఉంది, పాదం నడిగీత మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య నుంచి పోతుందని, ఆ గీతకు దగ్గరి వైపు ఆక్సియల్, దూరపు వైపు అబాక్సియల్ అని. అక్కడికి నేను చేతులు జోడించి లేచిపోయాను, మీ పాఠకులకు కూడా అది అక్కర్లేదు.

అడ్డం, నిలువు అనే మాటల్లోనూ ఇదే బాధ. దుంగను ముక్కలుగా కోసినట్టు ఒంటికి అడ్డంగా వెళ్ళే కోతను ట్రాన్స్‌వర్స్ అంటారు. నిలబడ్డ మనిషిలో ఆ కోత నేలకు సమాంతరంగా ఉంటుంది, నిలబడ్డ కుక్కలో నిట్టనిలువుగా ఉంటుంది. స్కానింగ్ ఫోటోలు చూపిస్తూ 'అడ్డకోత' అని రాసేవాళ్ళు ఒకసారి ఎవరి ఒంటికి అడ్డమో చూసుకుంటే మంచిది.

కుడి ఎడమల గురించి ఒక మాట. ఎడమ అంటే కుక్క ఎడమ, చూసేవాడి ఎడమ కాదు. ఇది అందరికీ తెలుసనుకుంటాం గానీ, కుక్కకు ఎదురుగా నిలబడి ఫోటో తీసి "ఎడమ చెవిలో చీము" అని పంపేవాళ్ళలో ఎంతమంది సరిగ్గా చెప్తున్నారో ఆ డాక్టర్లనే అడగాలి. ఎక్స్‌రేల పేర్లు కూడా ఇలాగే ఒంటిని బట్టే పెడతారు. కిరణం పొట్ట వైపు నుంచి లోపలికి వెళ్ళి వీపు వైపు బయటికొస్తే వెంట్రోడార్సల్, కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి తీసేది. బోర్లా పడుకోబెట్టి తీస్తే డార్సోవెంట్రల్. తిరగేసినంత మాత్రాన ఫోటో ఒకటే కదా అనిపిస్తుంది, కానీ రెండిట్లో గుండె ఆకారం ఒకేలా కనపడదు, అందుకే ఏది తీశారో పేరులోనే ఉండాలి.

ఎముకలు లెక్కపెట్టేటప్పుడు కూడా మనిషి లెక్క పనికిరాదు. మెడలో కశేరుకలు, అంటే వెన్నుపూసలు, మనకూ 7, కుక్కకూ 7. ఛాతీ దగ్గర మనకు 12, కుక్కకు 13, పక్కటెముకలూ 13 జతలు. నడుములో మనకు 5, దానికి 7. తోకలో సుమారు 20, జాతిని బట్టి మారతాయి. పొడుగు ఒళ్ళు, పొట్టి కాళ్ళు ఉండే డాక్స్‌హుండ్ లాంటి కుక్కలకు వెన్నులో డిస్క్ జారేది ఎక్కువగా ఛాతీ కశేరుకలు ముగిసి నడుము కశేరుకలు మొదలయ్యే చోటే, అంటే 12, 13 నంబర్ల మధ్య గానీ, 13కూ నడుము మొదటిదానికీ మధ్య గానీ. మనిషి లెక్కతో 12 దగ్గరే ఛాతీ అయిపోయిందనుకుంటే సరిగ్గా అక్కడే ఒక మెట్టు తప్పుతాం.

పేపరు చదివేవాళ్ళకు ఇంత అవసరమా అని మీ డెస్క్‌లో ఎవరో ఒకరు అంటారు, నాకు తెలుసు. లాటిన్ అవసరం లేదు, ఆ మాటలు చదువుకునే పిల్లలకు వదిలేయండి. కానీ అచ్చమైన తెలుగులో ఉన్నవాటినైనా సరైన చోట వాడండి: తల వైపు, తోక వైపు, వీపు వైపు, పొట్ట వైపు, లోపలి వైపు, బయటి వైపు, ఒంటికి దగ్గరగా, వేళ్ళకు దగ్గరగా. భాగాలకు కూడా మాటలకు కరువు లేదు: మూతి, మూపు, డొక్క, గజ్జ, పిక్క, మడమ. మూపు అన్న మాట ఎద్దులకే పరిమితం చేశాం గానీ కుక్క ఎత్తు కొలిచేది అక్కడికే, తల పైదాకా కాదు. 'ముందు కాలు' అన్న వాడుకను నేను మార్చలేను, మీరూ మార్చలేరు, పోనీ అలాగే రాయండి, కానీ ఆ ముందు కాలికి ఉన్నవి మోచెయ్యి, మణికట్టు అని రాయండి.

వచ్చే ఆదివారం సవరణ వేస్తే సంతోషం. కొత్త బొమ్మ గీయించే ఖర్చు కూడా అక్కర్లేదు, ఉన్న ఎర్ర బాణాన్నే కాస్త పైకి, కాస్త ముందుకు, క్షమించాలి, కాస్త ఒంటికి దగ్గరగా, కాస్త తల వైపు జరపండి, డొక్క కిందికి రాగానే ఆపేయండి. మోకాలు అక్కడుంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, బుజ్జి వాళ్ళ నాన్న